పగ్గం కోసిన కణాలు

జ్వరం వచ్చింది, మంచిదే అనుకుంది సూర్యప్రభ. అనుకున్నాక సిగ్గేసింది. కట్టుకున్నవాడి ఒళ్ళు వెచ్చబడితే సంబరపడే ఆడది మొఘల్‌పురా అంతా వెతికినా తనొక్కతే దొరుకుతుంది. కానీ డాక్టరు చెప్పింది అదే కదా, ఎక్కించిన కణాలు పని మొదలుపెడితే ఒళ్ళు వెచ్చబడవచ్చని, లోపల కొట్లాట జరుగుతున్నదనడానికి అదొక గుర్తని. ఎదురుచూసి ఎదురుచూసి ఇవాళ మధ్యాహ్నం అన్నం తినిపిద్దామని భుజం మీద చెయ్యి వేస్తే ఆ వెచ్చదనం తగిలింది. థర్మామీటరు పెడితే నూరు చూపించింది. వెంటనే ఆసుపత్రివాళ్ళ నంబరుకు ఫోన్ చేసింది. ఎత్తింది నీహారిక, ఈ వైద్యం మొదలైనప్పటి నుంచీ వాళ్ళను కనిపెట్టుకుని ఉన్న నర్సు, గుంటూరు వైపు పిల్ల. "సార్ సరిగ్గా మాట్లాడుతున్నారా మేడమ్? ఇక్కడ రోజూ అడిగేవాళ్ళం చూడండి, ఏ సంవత్సరం, ఏ నెల, ఏ ఊళ్ళో ఉన్నారు, పెన్ను చూపించి ఇదేంటి అని. అవన్నీ అడగండి. ఒక వాక్యం రాయించండి. నూరు దాటి పైకి పోయినా, మాటలో కొంచెం తేడా వచ్చినా వెంటనే తీసుకొచ్చేయండి. బాగుంటే టాబ్లెట్ వేసి, గంట తర్వాత మళ్ళీ చూసి నాకు చెప్పండి" అంది. సూర్యప్రభ ఫోన్ చెవికి ఆనించుకునే అడిగింది. రంగనాథ్ గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఎప్పటి గొంతుతోనే సంకల్పం అందుకున్నాడు. జంబూద్వీపంలో బయలుదేరి, భరతఖండంలో దిగి, శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే అంటూ హైదరాబాదు చేరి, విశ్వావసు నామ సంవత్సరే, మార్గశిర మాసే, కృష్ణపక్షే అని బుధవారం దాకా ఎక్కడా తడబడకుండా చదివాడు. "వింటివా బిడ్డా? నీకంటె నాకంటె మంచిగ చెప్తున్నడు" అంది. అవతల నీహారిక నవ్వింది. "వినపడింది మేడమ్. అయినా రాయించండి" అంది. సూర్యప్రభ రాయించలేదు. అంత చక్కగా చెప్పిన మనిషి చేతికి పెన్నిచ్చి, పలకాబలపం పిల్లాడిలా రాయమనడం ఏం బాగుంటుందని గోలీ ఇచ్చి ఊరుకుంది. ఇంక గంట గడవాలి.

వీధి గుమ్మం దగ్గర ఎండ పడేచోట కూర్చుని ఒత్తులు చేయడం మొదలుపెట్టింది. దూది పోగులు ఆయన ఊపిరికి తగలకూడదని ఇంట్లో చేయడం మానేసింది. ఎవరి కోసం ఈ ఒత్తులు అంటే ఏం చెబుతుంది? రంగనాథ్ తాతల కాలం నుంచీ పూజ చేస్తున్న సందు చివరి వేణుగోపాలస్వామి గుడిని ఇప్పుడు ఆయన పినతండ్రి కొడుకు శ్రీపాద చూసుకుంటున్నాడు, ఒత్తులు పొట్లాలుగా బజారులోనే కొంటున్నాడు. అయినా చేతులు ఊరుకోవు కదా, కాపురానికొచ్చిన నాటి నుంచీ అలవాటైన చేతులు. ఎదురింటి కింది గదిలో మగ్గం పనివాళ్ళు ఎవరిదో పెళ్ళి లెహంగాకు జరీ కుడుతూ పాత పాటేదో పెట్టుకున్నారు. ఇదివరకైతే ఆ చప్పుడుకు విసుక్కునేది. ఇప్పుడు ఆ పాట ఆగితే భయమేస్తుంది, పాట ఆగితే ఆయన దగ్గు వినపడుతుంది. ఇవాళ దగ్గు కూడా లేదు. అదీ మంచిదే. మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆధారమేనంటారు, ఆమె మధ్యాహ్నం నుంచీ గడ్డిపోచలే ఏరుకుంటోంది. జ్వరం మంచిది, దగ్గు లేకపోవడం మంచిది, సంకల్పం తప్పకపోవడం అన్నిటికంటే మంచిది. ఈ వైద్యం మొదలుపెట్టే ముందు డాక్టర్ అమరనాథ్ బొమ్మ గీసి మరీ చెప్పాడు. మన రక్తంలో కాపలా కాసే తెల్లకణాలుంటాయమ్మా, అవి మనవాళ్ళనే కొట్టకుండా వాటి లోపల ఒక పగ్గం ఉంటుంది, క్యాన్సర్ గడ్డ తెలివైనది, ఆ పగ్గమే దొరకబుచ్చుకుని లాగుతుంది, కణం అక్కడే నిలబడిపోతుంది, మేం ఆ కణాలను బయటికి తీసి, జన్యువు దగ్గరే ఆ పగ్గాన్ని కోసేసి, పెంచి, మళ్ళీ ఎక్కిస్తాం, ఇక గడ్డ ఎంత లాగినా అవి ఆగవు. "పగ్గం లేకుంటె మనోళ్ళు ఎవరో పరాయోళ్ళు ఎవరో దానికెట్ల తెలుస్తది సార్?" అని అడిగింది తను. చదువుకున్న వాళ్ళెవరూ అడగలేదట ఆ మాట. ఆయన "అందుకేనమ్మా కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి" అన్నాడు.

అక్కడితో ఆపినా బాగుండేది. ఆ తర్వాత చెప్పిందే ఆమె గుండెలో ముల్లయి కూర్చుంది. ఒక్కోసారి ఆ వేడి మెదడుకు ఎక్కుతుందట, మనిషి తికమకపడతాడట, అప్పుడు స్టెరాయిడ్ ఇవ్వక తప్పదట, అది మెదడును కాపాడుతుంది గానీ ఈ కణాల జోరునూ తగ్గించవచ్చట. తగ్గించవచ్చు అంటే ఏమిటి? చంపుతుందా, నిద్రపుచ్చుతుందా? వాటిని పెంచడానికి పడ్డ పాట్లు ఆమెకు తెలుసు. మొదటిసారి తీసినవి ఆ ప్రయోగశాలలో పెరగనే లేదు. రెండోసారి తీసినవి బతికాయి, అవే ఎక్కించారు. మూడోసారి తీయడానికి ఆయనలో ఏమీ మిగల్లేదని డాక్టరు ముందే చెప్పేశాడు. గడ్డ ఎడమ ఊపిరితిత్తి దాటి వెన్నుపూసల్లోకి దిగింది, నాలుగో దశ, తక్కిన మందులన్నీ వాడి చూశారు. ఉన్నదల్లా ఎక్కించిన ఈ ఒక్క సంచీడు కణాలే. ఉత్తి పుణ్యానికి ఆసుపత్రికి తీసుకుపోతే, ఎందుకైనా మంచిదని వాళ్ళు ఆ స్టెరాయిడ్ ఎక్కిస్తే, ఆ కణాలు ఉన్నచోటే పడిపోతే? చేజేతులా చేసినట్టవుతుంది. తీసుకుపోకపోతే? తీసుకుపోవలసిన అవసరమేముంది, సంవత్సరం చెప్పాడు, మాసం చెప్పాడు, ఊరు చెప్పాడు. అసలు ఆయనకే ఆసుపత్రి పేరెత్తితే పడదు. ఇంటికొచ్చిన రోజున చెప్పులు విప్పకుండానే, "ఇగ నన్ను గాడికి తీస్కపోకు ప్రభా. బతికితె గీడనే బతుకుత, లేకుంటె లేదు" అన్నాడు. ఎప్పుడూ దేన్నీ గట్టిగా అడగని మనిషి అడిగాడు. ఆమె తలూపింది.

అసలు దగ్గు మొదలైనప్పుడే చూపించుకోవలసింది. ఎవరికి తెలుసు? పూజారులకు దగ్గు కొత్తా? సాంబ్రాణి పొగ, కర్పూరం పొగ, నూనె దీపాల మసి, కిటికీ లేని గర్భగుడి. తన మామగారూ దగ్గేవారు, గుడిలో గంట కంటే ముందు ఆయన దగ్గే వినపడేదని సందులో అనుకునేవారు. రోగం పేరు బయటపడ్డాక అదే సందు వేరే మాటలు మాట్లాడింది. పంతులు చాటుగా బీడీలు కాల్చేవాడేమోనని ఒకరన్నారట. నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుంది. పొగ వల్లేనా సార్ అని అడిగితే డాక్టరు, ఖచ్చితంగా చెప్పలేమమ్మా, అలవాట్లేవీ లేనివాళ్ళకూ వస్తోంది అన్నాడు. చెప్పలేమంటే ఆమెకు దేవుడి మీద కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా పోయింది. సాంబ్రాణి వేసింది ఎవరికి? ఆ స్వామికే కదా. ఎన్నేళ్ళు వేశాడు, జ్వరాల్లో, ముసుర్లలో, కర్ఫ్యూ రోజుల్లో కూడా పోలీసులకు దండం పెట్టి వెళ్ళి దీపం పెట్టి వచ్చేవాడు. అంత పొగ పీల్చి నవ్వుతూ నిలబడ్డ స్వామికి ఏమీ కాలేదు. రాయి కదా. ఛ, తప్పు. లెంపలు వేసుకుంది. వేసుకున్నాక, ఎందుకు తప్పు అని మళ్ళీ అనుకుంది. ఈ ఏడాదిలో ఆమె దేవుడితో పోట్లాడుతూనే ఉంది, అటునుంచి జవాబు లేని పోట్లాట, ఎదురింట్లో మనిషి లేకుండా వాకిట్లో నిలబడి తిట్టినట్టు.

రంగనాథ్ మాత్రం పరాచికాలు మానలేదు. కణాలు ఎక్కించిన రోజున అద్దాల గదిలో, మంచు పొగలు కక్కుతున్న డబ్బాలోంచి సంచీ తీశారు. ఇంతా చేసి చారెడు నీళ్ళు. తను బిత్తరపోయి చూస్తుంటే, "నా రక్తమే పోయి సదువుకొని వచ్చిందే, ఇప్పుడు నా మాట ఇంటదో ఇనదో" అన్నాడు. అంతకు ముందు రాత్రంతా ఆయన మనసులో వేరే గుబులు. ఒకసారి తీసిన పువ్వు నిర్మాల్యం, మళ్ళీ స్వామికి పెట్టకూడదు, ఒంట్లోంచి తీసింది మళ్ళీ ఒంట్లోకి ఎట్లా అని. తెల్లారేసరికి ఆయనే తేల్చుకున్నాడు, గంగ నీళ్ళు గంగలోనే పోస్తున్నారు, దోషం లేదని. కణాలు ఎక్కించిన మర్నాడే సంకల్పం ముచ్చట జరిగింది. కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు, ఇది ఏ సంవత్సరం అని అడిగాడు. "విశ్వావసు" అన్నాడీయన. ఆ పిల్లవాడి ముఖం పాలిపోయింది, రోగి తికమకపడుతున్నాడని పెద్ద డాక్టరుకు ఫోన్ చేయబోయాడు. నీహారిక వచ్చి విషయం చెప్పాక గదంతా ఒకటే నవ్వు. అప్పటి నుంచీ వాళ్ళు అడగడం, ఈయన ఇంగ్లీషు లెక్క చెప్పి, ఆపైన సంకల్పం కూడా చదివి వాళ్ళను నవ్వించడం. రాయమంటే కృష్ణా అని రాసేవాడు, ఇది వాక్యం కాదు సార్ అంటే, గింతకంటె పెద్ద వాక్యం లేదమ్మా అనేవాడు. ఆ నవ్వులు తలచుకుంటే ఇప్పుడు కూడా పెదవి విచ్చుకుంది. ఇవాళ మరి ఇంగ్లీషు సంవత్సరం చెప్పలేదేం? అలసిపోయి ఉంటాడు. జ్వరం కదా.

"తలుపులు తెరిచినవా?" అని లోపలి నుంచి వినపడింది. తెరిచే ఉన్నాయండీ అంది. ఎండ వస్తోందేమోనని తలుపు కొంచెం దగ్గరగా వేసింది. గోలీ ఇచ్చినప్పుడు కూడా ఆయన దాన్ని కుడి అరచేతిలోకి తీసుకుని, కళ్ళకద్దుకుని, నీళ్ళు పుచ్చుకుని, తడిచెయ్యి తలకు రాసుకున్నాడు. తీర్థం అలవాటు, ఎక్కడికి పోతుంది. తలుపు సందులోంచి చూస్తే కళ్ళు మూసుకునే ఉన్నాడు, కుడిచెయ్యి గాలిలో నెమ్మదిగా తిరుగుతోంది, హారతి పట్టినట్టు. గుడి మీద బెంగ, పాపం. పువ్వు ముట్టొద్దన్నారు, జనంలోకి పోవద్దన్నారు, మట్టి కూడా చేటేనన్నారు. అందుకే తులసికుండీ కూడా రెండిళ్ళ అవతలి ఆటో ఖాజా ఇంటి డాబా మీదికి పోయింది. వాళ్ళమ్మ నమాజు చేసుకుని దిగుతూ దానికి నీళ్ళు పోసి వస్తుంది. ఇంత కట్టడి చేస్తే మనిషి కలల్లో హారతి పట్టుకోక ఏం చేస్తాడు? సంతోష్‌నగర్‌లో ఉన్న కూతురు అభిజ్ఞకు ఫోన్ చేద్దామా అనుకుంది. చేస్తే ఆఫీసు వదిలి పరుగెత్తుకొస్తుంది, వచ్చి అమ్మా ఆసుపత్రికి పోదాం అంటుంది, అంటే తను కాదనలేకపోతుంది. కాసేపు చూద్దాం. మసీదులో మధ్యాహ్నం తిరిగాక వచ్చే అసర్ నమాజు పిలుపు మొదలైంది, ఎదురింటి పాట ఆగింది. గంట అయింది.

థర్మామీటరు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. రంగనాథ్ మంచం మీద బాసిపట్లు వేసుకుని, తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఎన్ని రోజులైందో అలా కూర్చుని. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. "ఏమండి, జర నోరు తెరువుండ్రి" అంది. ఆయన కళ్ళెత్తి చూశాడు. నవ్వాడు. మంచి నవ్వు.

"రాండ్రమ్మా. చాలసేపాయెనా వచ్చి?" అన్నాడు. "గోత్రం చెప్పుండ్రి."

"పరాచికాలు చాలు గని, నోరు తెరువుండ్రి" అంది. అని నవ్వబోయింది. ఆయన నవ్వు అలాగే ఉంది. ఎదురుచూస్తున్నాడు. గుడి గడప దగ్గర, గోత్రం గుర్తురాక తడుముకునే ఆడవాళ్ళ కోసం ఆయన ఎదురుచూసే తీరు అది, విసుగు లేకుండా, వాళ్ళకు సిగ్గు కలగకుండా. ముప్పై ఏళ్ళ సంసారంలో ఒక్కసారి కూడా ఆమెను రాండ్రి అనలేదు. పిలిస్తే ప్రభా, కోపమొస్తే ఓసి, అంతే. ఆ మన్నన విని సూర్యప్రభ థర్మామీటరు దించింది. ఆ కళ్ళలో తన కోసం వెతికింది. అందులో ఉన్నది దయ. ఎవరో తెలియని ఆడమనిషి మీద దయ.

"కౌండిన్యస" అంది.

"మాదీ గదే గోత్రమమ్మా" అన్నాడు సంతోషంగా. "ఎవరి పేరు మీద?"

"రంగనాథ్."

"ఏమైతడు మీకు?"

"మా ఇంటాయన. పానం బాగలేదు."

ఆయన అయ్యో అన్నట్టు తలాడించాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ జంబూద్వీపం, మళ్ళీ శ్రీశైలానికి వాయవ్యం, విశ్వావసు, మార్గశిరం, కౌండిన్యస గోత్రోద్భవస్య రంగనాథ నామధేయస్య అంటూ ఆ పేరు దగ్గర కనురెప్ప కూడా కదలకుండా దాటిపోయాడు. ఆయురారోగ్యాలు, క్షేమం, స్థైర్యం, ధైర్యం అన్నీ అడిగాడు ఆ రంగనాథ్ కోసం. ఒడుగు నాటి నుంచీ తిరిగిన నాలుక. పొద్దున సంధ్య వార్చుకునేటప్పుడు ఒకసారి తిథి వారం పెట్టుకుంటే ఇక ఆ రోజంతా నిద్రలో లేపినా చెబుతుంది. దానికి మనిషితో పనిలేదు. పొలం ఎండిపోయినా నీళ్ళు పారిన గాడి ఉన్నట్టే ఉంటుంది. మధ్యాహ్నం ఫోన్లో చెప్పిందీ ఇదే. తను విన్నది గొంతును, మనిషిని కాదు. పొద్దున కాఫీ చేదుగా ఉందని విసుక్కున్నాడే, అప్పుడున్నాడు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళిపోయాడు? తను ఫోన్లో గొప్పలు పోతున్నప్పుడు ఉన్నాడా? నీహారిక రాయించమంది, రెండుసార్లు చెప్పింది. పెన్ను చూపించమంది. పెన్ను పేరుకు మంత్రం లేదు, అక్కడ దొరికిపోయేవాడు. ఒక గంట, వట్టి ఒత్తులు చేసుకుంటూ కూర్చుంది తను. ఏడుపు రాలేదు. భయం, ఆ భయం కింద ఆయనెదుట నిలబడ్డ ఆ ముత్తయిదువెవరో ఆమె మీద అసూయ. అంత దయ దొరికింది ఆమెకు, తనకు కాదు.

ఫోన్లో నీహారిక సగం విని, "ఉన్నపళంగా తీసుకొచ్చేయండి మేడమ్, నేను పైవాళ్ళకు చెప్తున్నాను. ఆ సందుల్లోకి అంబులెన్స్ వచ్చేదాకా ఆగకండి, ఏ బండి దొరికితే అది ఎక్కేయండి" అంది. స్టెరాయిడ్ ఇస్తారా అని అడగలేదు సూర్యప్రభ. ఇవ్వనీ, ఆ కణాలు చావనీ. గడ్డ పెరిగితే పెరగనీ, ఆయన ఒక్కసారి ఓసి అంటే చాలు. రెండింటిలో ఏది కోరుకుంటే ఏది పోతుందో తెలియడం లేదు. సందులోకి వచ్చి ఖాజా అని అరిచిన అరుపుకు మగ్గం పనివాళ్ళు కూడా లేచి బయటికొచ్చారు. ఖాజా చెప్పులు లేకుండానే పరుగెత్తుకొచ్చాడు.

ఆసుపత్రి అనగానే మంచం పట్టె పట్టుకుని కూర్చుంటాడని, ఇద్దరు ముగ్గురు పట్టి లేపాలని ఆమె గుండె దిటవు చేసుకుంది. "మా ఇంటాయన దగ్గరికి పోవాలె పంతులుగారూ. మీరు గూడ రావాలె" అంది, ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. "తప్పకుంట వస్తనమ్మా" అన్నాడు రంగనాథ్. తువ్వాలు సర్దుకున్నాడు. ఖాజా భుజం పట్టుకుని, కాళ్ళు వణుకుతున్నా తనంతట తనే గడప దాటాడు. ఖాజా ముఖంలోకి చూసి, "ఖాజా, నువ్వా? అమ్మ మంచిగున్నదా?" అన్నాడు. "మంచిగున్నది పంతులుగారూ, ఫికర్ చెయ్యకుండ్రి, కూసోండ్రి" అన్నాడు ఖాజా. అతడిని గుర్తుపట్టాడు. సూర్యప్రభ మనసు ఒక్కసారి ఎగిరింది. ఆటోలో ఆయన పక్కన కూర్చుని, కాలుతున్న ఆ చెయ్యిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

రంగనాథ్ ఆమెకు నొప్పి కలగకుండా, మర్యాదగా, ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమెకు చోటు చాలదేమోనని అంచుకు జరిగి, ముందుకు వంగి ఖాజా భుజం తట్టాడు.

"జర జల్ది పోనియ్ బిడ్డా. ఈయమ్మ ఇంటాయనకు పానం బాగలేదంట."